అరంగుళం తేడా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో ఓ గోడ తీసి చూడు అని మాత్రం అనలేదు. వాళ్ల కాలంలో ఆ అవసరం రాలేదు కాబోలు. ఇప్పుడు వస్తోంది. వంటిల్లు ఇరుకనిపించో, హాలు చీకటనిపించో మధ్యలో అడ్డుగోడ తీయించేసిన ఇళ్లు మా ఒక్క వీధిలోనే మూడున్నాయి. అందులో ఒకటి మాది.

గోడ పడగొట్టడం ఒక్క పూట పని. ఆ గోడ నిలబడ్డ చోట నేలమీద మిగిలిపోయే జానెడు జాగా మాత్రం ఒక్క పూటతో తేలే వ్యవహారం కాదు. ఇటు ఒక రకం నేల, అటు ఒక రకం నేల, మధ్యలో గోడ ఆనవాలు. గోడ తీసేటప్పుడు దాని గురించి ఎవరూ మాట్లాడరు. తీశాక "ఏదో ఒకటి పూసేద్దాంలే" అంటారు. ఆ 'ఏదో ఒకటి' గురించే ఈ వారం నా గోడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మా ఇంట్లో అది మా అత్తగారి చెయ్యి విరగ్గొట్టింది.

మాది గుంటూరులో మా మావగారు 1984లో కట్టించిన ఇల్లు. హాల్లో మొజాయిక్ పలకలు, వంటింట్లో నాపరాళ్లు. ఆ రోజుల్లో చాలా ఇళ్లు అలాగే కట్టేవారు. నలుగురూ వచ్చి కూర్చునే ముందుగదికి నున్నటి మొజాయిక్, నీళ్లు పారే వంటింటికీ పెరటి వసారాకీ నాపరాళ్లు. రెంటికీ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. దానికో తలుపు, తలుపుకో గడప, గిన్నెలు అందించుకోడానికి చిన్న కిటికీ.

పాతికేళ్లకు పైగా ఆ కిటికీలోంచే మా ఇంటి కబుర్లు విన్నాను నేను. హాల్లో అందరూ ఫక్కున నవ్వేవారు. ఎందుకు నవ్వారో వంటింట్లో నాకు తెలిసేది కాదు. చేతిలో గరిటె పట్టుకుని "ఏంటీ, ఏమైందీ?" అనడిగితే "ఏం లేదులే, తర్వాత చెప్తాం" అనేవారు. తర్వాత ఎవరికీ గుర్తుండేది కాదు. పండక్కి పిల్లలొచ్చినా, చుట్టాలొచ్చినా నాకు గోడే తోడు. అందుకే 2023లో ఇంటికి చిన్నా చితకా మరమ్మతులు పెట్టుకున్నప్పుడు గోడ తీయించాలని నేనే పట్టుబట్టాను.

ముందు ఇంజనీరుగారిని పిలిచి చూపించాం. ఆ మాత్రం జాగ్రత్త తీసుకున్నాం. ఇంటి బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తున్నాయి, ఈ గోడమీద ఉన్నది అటక ఒక్కటే, అటక తీసేస్తే గోడ తియ్యొచ్చు అని ఆయన చెప్పారు. కరెంటు పైపులు ఎటు మళ్లించాలో, తలుపు చెక్క ఏం చెయ్యాలో, పైన అతుకు కనపడకుండా సున్నం ఎలా వెయ్యాలో గంటసేపు మాట్లాడుకున్నాం. అందరం పైకే చూశాం. కిందికి చూసినవాళ్లు లేరు.

కాదు, ఒకావిడ చూసింది. విరిగిన ఇటుకలు తట్టలకెత్తి బయటికి మోసిన కూలీ అమ్మాయి. నెత్తిన తట్టతో వెళ్తూ వెళ్తూ రెండుసార్లు తూలి, "అమ్మా, ఇక్కడ కాలు తగులుద్ది, చూసుకోండి" అంది. విన్నాను. ఊరుకున్నాను.

గోడ పోయాక తెలిసింది, హాలు నేల వంటింటి నేలకన్నా అరంగుళం ఎత్తని. గోడ ఉన్నన్నాళ్లూ గడప ఆ తేడాని దాచిపెట్టింది. మేస్త్రి ఇటుకల్ని నేలమట్టానికి చెక్కించి, పైన సిమెంటు మాలు వేసి, హాలు ఎత్తుకి సాపు చేశాడు. వంటింటి వైపు అంచు నిట్టనిలువుగా అలాగే ఉండిపోయింది.

"ఇదేంటి మేస్త్రీ, ఇక్కడ ఎత్తుగా ఉందీ?" అన్నాను.

"అరంగుళమేనమ్మా. రెండ్రోజులు నడిస్తే అలవాటైపోద్ది" అన్నాడు.

"ఎలాగూ రెండేళ్లలో హాలంతా రాయి మార్పిస్తాంగా. అప్పటిదాకా సర్దుకో" అన్నారు మావారు.

సర్దుకోవడం మనకి కొత్తా? బూడిదరంగు సిమెంటు పట్టీ చూడ్డానికి బాగాలేదని బజారుకెళ్లి పొడుగాటి పట్టా ఒకటి కొనుక్కొచ్చి దానిమీద పరిచాను. చూసినవాళ్లు బావుందన్నారు. నేనూ సంతోషించాను.

నాలుగో నెలలో ఒక రాత్రి మా అత్తగారు మంచినీళ్ల చెంబు పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి వస్తున్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. దీపం వెలుగుతూనే ఉంది. కాలి బొటనవేలు పట్టా కింద అంచుకి తగిలింది. పట్టా జారింది. పడుతూ కుడిచెయ్యి నేలకి ఆనించారు. మణికట్టు విరిగింది. "తుంటి ఎముక కాదు, అదృష్టవంతులు" అన్నారు డాక్టరుగారు. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ ఆవిడ తన జడ తను వేసుకోలేదు, తన చేత్తో కలుపుకుని అన్నం తినలేదు. నేను కలిపి పెడుతుంటే ఒకరోజు నిదానంగా అన్నారు:

"నలభై ఏళ్లు ఆ గడప దాటానమ్మాయ్. ఒక్కనాడు పడలా. గడప కనపడేది, కాలు దానంతటది లేచేది. ఇది కనపళ్లేదు."

ఆవిడ నన్నేమీ అనలేదు. కానీ కనపడకుండా చేసింది ఎవరు? మేస్త్రి ఎత్తు వదిలేశాడు. మావారు వాయిదా వేశారు. పట్టా కప్పింది నేను.

కాలికి పెద్ద గడపతో ప్రమాదం తక్కువ. నాలుగంగుళాల గడప కంటికి కనిపిస్తుంది, కాలికి గుర్తుంటుంది. మెట్టూ అంతే. సమతలం అనుకుని నడిచే చోట ఉండే అరంగుళం, పావంగుళం మిట్టలే మనల్ని పడదోస్తాయి. వయసు మీద పడ్డవాళ్లు పాదం పెద్దగా పైకెత్తరు, నేలకి రాస్తూ నడుస్తారు. వాళ్లకి పావంగుళం కూడా ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తంమీద ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ జానెడు జాగాని అందానికి సంబంధించిన సంగతిగా చూడొద్దంటున్నాను.

అరంగుళం ఎందుకు పెట్టారు?

కట్టు విప్పాక ఈసారి వేరే మేస్త్రిని పిలిచాం. పెద్దాయన. వస్తూనే పట్టా తీయించాడు. సిమెంటు పట్టీ మీద కాలితో తట్టి చూశాడు. డొల్ల మోత వచ్చింది. అప్పటికే దానికి రెండువైపులా సన్నటి బీట్లు, ఒక మూల పెచ్చు లేచిపోయింది. తర్వాత నీళ్లు నింపిన లెవెల్ గొట్టం పట్టి హాలు మూలలూ, వంటింటి మూలలూ చూశాడు.

"ఇది కట్టినోళ్ల పొరపాటు కాదమ్మా. కావాలనే పెట్టించారు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒకప్పుడు మన వంటిళ్లు రోజూ నీళ్లు పోసి కడిగేవాళ్లం. ఆ నీళ్లు హాల్లోకి రాకూడదని వంటింటి నేలని ఒక మెట్టు తక్కువ పెట్టి, తూము వైపు వాలు ఇచ్చేవారు. గడప ఆ నీటికి కట్ట. అంటే ఆ అరంగుళం ఇన్నేళ్లూ ఒక పని చేస్తోంది. ఆ పనేంటో అడక్కుండానే మేం గోడనీ గడపనీ తీసేశాం. ఇప్పుడు వంటింటి నేలని హాలు ఎత్తుకి తెచ్చేద్దామన్నా, బిందె ఒలికితే నీళ్లు నేరుగా సోఫా కిందికే వస్తాయి.

పాత ఇళ్లల్లో రెండు గదుల నేలలు వేరువేరుగా ఉండడానికి ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ గది తర్వాత కట్టింది కావచ్చు. కొన్నిచోట్ల ఒక గదికి పాతరాళ్ల మీదే కొత్త పలకలు అంటించి ఉండొచ్చు. కారణం తెలిస్తే ఆ తేడాని ఉంచాలా, తీసెయ్యాలా, వాలుగా మార్చాలా అన్నది తేలిగ్గా తేలిపోతుంది.

పెద్ద మేస్త్రి చేసిన పని

ఆయన చేసిన పని దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతాను. ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి మేస్త్రి ఇటుకల్ని నేలమట్టానికి మాత్రమే చెక్కి పైన పల్చగా మాలు పూశాడు కదా, పాత ఇటుక మీద వేలెడు మందం కూడా లేని ఆ పూత నిలవదు. నడిచే కొద్దీ విడిపోతుంది. అందుకని పెద్దాయన ఆ పూత మొత్తం కొట్టించేసి, ఇటుకల్ని వంటింటి నేలకన్నా నాలుగంగుళాలు లోతుకి తీయించాడు. దుమ్మంతా ఊడ్పించి, నీళ్లతో తడిపి, వదులుగా ఉన్న మట్టిని దిమ్మిసతో గట్టిగా దంచి, రెండంగుళాల కాంక్రీటు వేశాడు. దానిమీద తడిగోనెలు కప్పి వారం రోజులు నీళ్లు తడపమన్నాడు. ఆ వారం తడపడమే అసలు బలం. రెండోరోజే "ఇంకా ఎన్నాళ్లు?" అనే మగవాళ్లుంటారు ఇంట్లో. వాళ్ల మాట వినకండి.

ఆయన చేసిన రెండో పని నాకు మరీ నచ్చింది. గోడ మందం, రెండువైపులా పూతలూ కలిపి మిగిలిన ఖాళీ ఐదున్నర అంగుళాలు. అంత తక్కువ జాగాలో అరంగుళం వాలు ఇస్తే కాలికి నిట్రంగా తగులుతుంది. అందుకని హాలు వైపు మొజాయిక్ పలకల్లో ఒక్క వరస, పదంగుళాల వెడల్పుది, అతుకు గీత వెంబడి జాగ్రత్తగా లేపించాడు. ఇప్పుడు పట్టీ వెడల్పు పదిహేనున్నర అంగుళాలైంది. వెడల్పు పెరగ్గానే అదే అరంగుళం తేడా నడిచే కాలికి తెలియనంత మెల్లటి వాలైపోయింది. చక్రాల కుర్చీ కోసం కట్టే వాలుదారికి ఎత్తు ఒక వంతైతే పొడవు పన్నెండు వంతులు ఉండాలన్నది అందరూ వాడే లెక్క. అరంగుళానికి ఆరంగుళాలన్నమాట. మాకు దానికి రెండింతలు దాటి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు ఈ లెక్కకన్నా ఉదారంగా ఉండడమే మంచిది.

మూడోది, రాయి. పట్టీకి నాపరాళ్లే తెప్పించాడు. నున్నగా పాలిష్ పట్టినవి కాదు, చేత్తో తడిమితే కాస్త గరుకుగా తగిలేవి. పైఅంచు మొజాయిక్‌తో సమంగా, కిందిఅంచు వంటింటి రాళ్లతో సమంగా, వాలు వంటింటి వైపుకి. చెంబు ఒలికినా నీళ్లు వంటింట్లోకే జారతాయి. మావగారు ఏ పని కోసం ఆ అరంగుళం పెట్టించారో ఆ పని ఆగలేదు. రాళ్లు పరిచాక మూడ్రోజులు ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. వంటింట్లోకి పెరటిదారిన తిరిగి వెళ్లాం. మా పనిమనిషి దగ్గర్నించి మనవడి దాకా అందరం గొణుక్కున్నాం గానీ, అంతా కలిపి పది పన్నెండు రోజుల ఇబ్బంది.

లేపిన మొజాయిక్ పలకల్లో పగలకుండా వచ్చినవి ఏడు. వాటిని పారెయ్యొద్దన్నాడు పెద్ద మేస్త్రి. "ఈ రంగు మళ్లీ దొరకదమ్మా. రేపు ఎక్కడైనా పలక పగిలితే ఇవే దిక్కు" అన్నాడు. గోనెలో చుట్టి మెట్ల కింద పెట్టాను.

మీ ఇంటికి ఏది నప్పుతుంది?

అందరి ఇళ్లూ మా ఇంటిలా ఉండవు. నేను నలుగుర్నీ అడిగీ, నా అనుభవంతోనూ తెలుసుకున్నవి చెబుతాను.

రెండు గదుల్లోనూ ఒకే మట్టం ఉండి, ఒకే రకం మొజాయిక్ ఉంటే, మధ్య పట్టీకి ఆ రకం పలకలే వెయ్యాలనిపిస్తుంది. కొత్తవి తెస్తే రంగు కలవదు. నలభై ఏళ్లు తుడిచిన నేల రంగు దుకాణంలో దొరకదు. ఒక ఉపాయం ఉంది. ఎప్పటికీ కదలని బీరువా కిందో, మంచం కిందో ఉన్న పలకలు లేపి మధ్యకి తెచ్చి, కొత్తవాటిని బీరువా కింద వెయ్యడం. లేదా అక్కడికక్కడే రాళ్ల చిప్స్, తెల్లసిమెంటు, రంగు కలిపి మొజాయిక్ పోయించి, గట్టిపడ్డాక మిషన్‌తో పాలిష్ పట్టించడం. ఈ పని తెలిసిన పాతకాలం మేస్త్రులు తగ్గిపోతున్నారు. దొరికితే వదలకండి. ముందుగా చిన్న పలక ఒకటి పోయించి, ఆరాక, పాలిష్ అయ్యాక పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. తడిగా ఉన్నప్పుడు కనపడే రంగు వేరు.

రంగు కలవదని తేలిపోతే కలపాలని ప్రయత్నించకండి. దాదాపు కలిసినట్టుండే పట్టీకన్నా అసలు వేరే రంగు పట్టీయే కంటికి హాయి. చీరకి అంచు వేరే రంగులో ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందా? చీర రంగే వేసి కాస్త తేడా కొడితేనే ఎబ్బెట్టు. తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, చీమకుర్తి నల్ల గ్రానైటు అన్నీ మనకి అందుబాటులో ఉన్నవే. కాకపోతే ఒక్క మాట. రెండువైపులా లేతరంగు నేల ఉండి, మట్టంలో తేడా ఏమీ లేనప్పుడు మధ్యలో నల్లటి పట్టీ వెయ్యకండి. చూపు మందగించినవాళ్లకి అది గుంటలా, మెట్టులా కనిపిస్తుంది. లేని మెట్టు దిగబోయి తూలతారు. మెట్టు నిజంగా ఉంటే మాత్రం రంగు తేడా ఉండాల్సిందే. ఉన్నదాన్ని చూపించాలి, లేనిదాన్ని చూపించకూడదు. ఇదే సూత్రం.

తేడా రెండు మూడంగుళాలుంటే వాలుకి రెండు మూడడుగుల జాగా కావాలి. అంత చోటు లేకపోతే వాలు కోసం పాకులాడొద్దు. అక్కడ స్పష్టంగా ఒక మెట్టు కట్టించండి. అంచుకి వేరే రంగు, పక్కన పట్టుకోడానికి ఆధారం, రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించండి. సగం మెట్టు, సగం వాలు లాంటివి మాత్రం ఎప్పుడూ వద్దు.

పాత నేలల మీదే అంతటా కొత్త విట్రిఫైడ్ టైల్స్ అంటించేద్దాం, గొడవ వదిలిపోతుంది అనేవాళ్లున్నారు. వదిలిపోదు, పక్కకి జరుగుతుంది. టైలూ, దాని కింద జిగురూ కలిసి అరంగుళం దాకా నేల లేస్తుంది. అప్పుడు తలుపుల అడుగు కొయ్యించాలి. బాత్‌రూమ్ దగ్గరా, వసారా దగ్గరా కొత్త అరంగుళాలు పుడతాయి. పైగా విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చుకోదు, వట్టి సిమెంటు పాలకి సరిగ్గా అంటుకోదు. దానికని అమ్మే జిగురే వాడాలి. కింద పాత నేల ఎక్కడన్నా డొల్లగా ఉంటే పైన టైలూ డొల్లే.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకి ఇంకో హెచ్చరిక. మీ నేల కింద మట్టి ఉండదు, శ్లాబు ఉంటుంది. శ్లాబు పైన నేల మందం రెండు మూడంగుళాలకి మించకపోవచ్చు. అందులోనే పైపులు పోయి ఉండొచ్చు. మేస్త్రి ఉత్సాహంగా లోతుకి కొట్టుకుంటూ పోతే పైపో, శ్లాబో దెబ్బతింటుంది. గోడ తియ్యొచ్చా లేదా అన్నది ఇంజనీరు చెప్పాలి. మేస్త్రి మాట చాలదు, బంధువుల మాట అసలు చాలదు. అసోసియేషన్ వాళ్లకి చెప్పి, అనుమతులు అవసరమైతే తీసుకునే మొదలుపెట్టండి.

కోత పనులప్పుడు లేచే రాతిదుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్లు పోస్తూ కొయ్యమనండి. పిల్లల్నీ పెద్దల్నీ అవతలి గదిలో ఉంచండి. పనికొచ్చిన ఆడకూలీలకీ, మగకూలీలకీ ముక్కుకి కట్టుకోడానికి మాస్కులు మీరే ఇవ్వండి. మన ఇంటి దుమ్మేగా వాళ్లు పీల్చేది.

అడగాల్సింది ఎవర్ని?

డబ్బు సంగతి. హాలంతా రాయి మార్పించడానికి మాకు చెప్పిన లెక్క లక్షన్నర పైమాట. అంత డబ్బు చేతికి వచ్చేదాకా ఆగుదామన్నదే మా వాయిదాకి కారణం. పదిహేనంగుళాల పట్టీకి రాయీ, కాంక్రీటూ, కూలీ అంతా కలిపి అయ్యింది పదకొండు వేలు. మణికట్టుకి అయిన ఆస్పత్రి ఖర్చు దానికి మూడింతలు. మొదటే ఆ పదకొండు వేలు పెట్టి ఉంటే అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి మనసులోనూ ఉంది. 'మొత్తం మార్చినప్పుడు చూద్దాం' అన్న మాట మన ఇళ్లల్లో చాలా చిన్న పనుల్ని చంపేస్తుంది. మొత్తం ఎప్పటికీ మారదు. చిన్న పనీ జరగదు. మధ్యలో ఒకరు పడతారు.

ఇంకో సంగతి. వంటింటికీ హాలుకీ మధ్య రోజుకి ఎన్నిసార్లు తిరుగుతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను ఒకరోజు లెక్కపెడదామనుకుని మధ్యాహ్నం భోజనాలకే డెబ్బై దాటేసరికి మానేశాను. చేతిలో ఒకసారి వేడి సాంబారు గిన్నె, ఒకసారి కాఫీ గ్లాసులు, ఒకసారి చంకలో పిల్లాడు. చేతిలో గిన్నె ఉంటే కిందికి చూడలేం. పాదాలకే కళ్లుండాలి. అన్నిసార్లు తిరిగే మనిషిని నేల గురించి ఎవరైనా అడిగారా? ఇంటి ప్లాను గీసేటప్పుడు అడగరు. మరమ్మతు చేసేటప్పుడు అడగరు. "కర్టెన్లు ఏ రంగు?" అని మాత్రం అడుగుతారు.

తప్పు అవతలివాళ్లదే అని చేతులు దులుపుకోను. మా ఇంట్లో ఆ ఎత్తు ముందుగా గుర్తుపట్టింది తట్ట మోసిన అమ్మాయి. ఆమె మాట నేను వినలేదు. మేస్త్రి 'అలవాటైపోద్ది' అన్నది మాత్రం విన్నాను. నా మాట ఎవరూ వినలేదని ఇన్నేళ్లు కష్టపెట్టుకున్నదాన్ని, నాకన్నా కింద పనిచేసే ఆడమనిషి మాట నేనూ అలాగే వదిలేశాను. రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు ఆ అమ్మాయి కోసం కబురు పెట్టాం. వేరే ఊరు పనికి వెళ్లిందన్నారు.

కాబట్టి గోడ తీయించే ముందే కూర్చుని మాట్లాడుకోండి. గోడ పడ్డాక కాదు. లెవెల్ గొట్టం పట్టించి రెండు నేలల తేడా ఎంతో కాగితం మీద రాయించండి. ఆ తేడా ఎందుకుందో కనుక్కోండి. పట్టీ ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ రాయి, వాలు ఎటు, ఎన్నిరోజులు తడపాలి అన్నవి మేస్త్రితో ఒప్పందంలోనే మాట్లాడండి. గోడ పడగొట్టే కూలీలోనే అది కలిసి ఉందో, వేరే డబ్బులో తేల్చుకోండి. ఆ మాటలప్పుడు ఇంట్లో పెద్దావిడనీ, ఎక్కువ తిరిగే మనిషినీ పక్కనే కూర్చోబెట్టండి. పని అయిపోయాక డబ్బు మొత్తం ఇచ్చేముందు చెప్పులు విడిచి, ఒక చేత్తో గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని పాదం నేలకి రాస్తూ అటూ ఇటూ నడవండి. ఎక్కడ అతుకుందో పాదానికి తెలియొచ్చు, ఫరవాలేదు. వేలు ఆగకూడదు. తర్వాత ఒక చెంబు నీళ్లు పట్టీమీద పోసి ఎటు పోతాయో చూడండి. ఈ రెండు పరీక్షలకీ ఇంజనీరింగు చదవక్కర్లేదు.

గోడ తీయించినందుకు మాత్రం నాకు విచారం లేదు. ఇప్పుడు హాల్లో ఎవరు నవ్వినా ఎందుకు నవ్వారో నాకు అప్పుడే తెలుస్తోంది. కూరలు తరుగుతూనే నేనూ ఓ మాట అందిస్తున్నాను. మావారు కాఫీ గ్లాసు తనే తెచ్చి సింకులో పెడుతున్నారు. గోడ ఉన్నప్పుడు అంతదూరం నడవడం ఆయనకి కష్టంగా ఉండేది మరి!

పట్టీ పూర్తయిన రోజు మా అత్తగారు చెప్పుల్లేకుండా దానిమీద మూడుసార్లు అటూ ఇటూ నడిచారు. వంగి కుడిచేత్తో రాయిని తడిమారు. మొజాయిక్ పక్కన నల్లగా కొత్తగా కనపడుతున్న ఆ పట్టీని చూసి పక్కింటావిడ "అతుకు తెలుస్తోందే పిన్నీ" అంది.

"తెలియనీవే" అన్నారు మా అత్తగారు. "తెలియకే కదా పడ్డాను."